మునగనందుకు సంజాయిషీ

మొదటి నమోదు

పేరు పలివెల నూకరత్నం. ఊరు గోగులంక. చేను మూడెకరాలు, కౌలుకు చేస్తున్నాను. ఈ డబ్బాను మెడలో వేసుకుని, రోజూ దీపాలు పెట్టే వేళకు ఆ రోజు సంగతులన్నీ దీనికి చెప్పుకోవాలని ఆర్డరు. డబ్బా పేరు సాంత్వన. నష్టపోయిన రైతు దుఃఖాన్ని లోపల దాచుకోకూడదట. చెప్పుకోకపోతే వచ్చేసారి సాయం ఆపేస్తారట.

సరే, చెప్పుకుంటాను. కాకపోతే నేనింకా ఏమీ నష్టపోలేదు. తుపాను ఎల్లుండి వస్తుంది. నష్టపరిహారం మాత్రం ఈ పొద్దున్నే పడింది.

ఇది మా అత్త పాపాయమ్మ బుర్రకెక్కడం లేదు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు తుపాను వెళ్లిపోయాక ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, చివరికి లిస్టులో పేరు లేదని తెలిసేదట. ఇప్పుడు అంత అవస్థ లేదు. ఏ చేను ఎంత లోతు మునుగుతుందో ఆకాశంలో యంత్రాలు ముందే లెక్కకట్టి, ముందే డబ్బు వేసి, పరామర్శ కూడా ముందే చేసేస్తాయి. పొద్దున్న నేను బాతులకు మేత వేస్తుంటే ఒక డ్రోను వచ్చి నెత్తి మీద నిలబడి, "మీ పంట కోల్పోయినందుకు ప్రభుత్వం తీవ్రంగా విచారిస్తోంది" అని చెప్పి పక్కింటికి వెళ్లిపోయింది.

"బతికున్న పంటకి పరామర్శేటే? అపశకునం కాపోతే!" అని అత్త దాని మీదకు చీపురు విసిరింది. తగల్లేదు.

కాసేపటికి తాతబ్బాయి వచ్చాడు. మా నీటి సంఘం పెద్ద అతను, నాకు వరసకు మరిది. ముఖం వెలిగిపోతోంది.

"వదినా, డబ్బులు సేతిలో ఉన్నాయి, నీళ్లింకా రాలేదు. ఇలాటి రోజు మన పుట్టుకలో ఎప్పుడన్నా సూసేమేటి? కోడు తవ్వేద్దారి పదండి."

కోడు అంటే మా ఊరి చేల మురుగు నీళ్లు పోయే కాలవ. పూడిపోయి చాలా కాలమైంది. ఏటా మునిగాక తవ్వుదాం అనుకుంటాం, డబ్బు వచ్చేసరికి మరో తుపాను వస్తుంది. కోడు పని అంటే మాకో పద్ధతి ఉంది. ఇంటికొక మనిషి రావాలి. మనిషిని పంపలేని ఇల్లు మజ్జిగ పంపాలి. అందరం సాయం డబ్బులో తలా కొంత వేసి ఒక పొక్లెయిన్ మాట్లాడాం. పొక్లెయిన్ దిగలేని చోట పారలతో మేమే దిగాం. ఒళ్లంతా హూనమైంది. అయినా చెప్పొద్దూ, నాకు భలే సంతోషంగా ఉంది.

రెండో నమోదు

తుపాను వచ్చింది, వెళ్లింది. ఈ ఏటికిది తొమ్మిదో నంబరు. మొదట్లో తుపానులకు పేర్లు పెట్టేవారట, ఇన్ని పేర్లు ఎక్కడి నుంచి తెస్తారు?

రాత్రంతా ఇంటి మీద రేకు ఎగరకుండా నేనూ అత్తా మంచాన్ని కిటికీకి అడ్డం పెట్టి కూర్చున్నాం. తెల్లారి చేలోకి వెళితే వరి మొత్తం చాపలా పడుకుని ఉంది, మీద మోకాలి లోతు నీళ్లు. ఇంతలో గట్టు మీంచి తాతబ్బాయి, "లాగుతోంది! వదినా, కోడు లాగుతోంది!" అని కేకలు పెట్టాడు. నిజంగానే నీళ్లు కదులుతున్నాయి. మధ్యాహ్నానికల్లా చేలో బురద కనబడింది. ఊళ్లో మగవాళ్లు చిన్నపిల్లల్లా కోడు గట్టు మీద గంతులేశారు.

ఆ పూట నుంచీ అదే పని. పడిపోయిన దుబ్బుల్ని లేపి, నాలుగేసి కలిపి, ఆ ఆకుతోనే నడుముకు కట్టి నిలబెట్టడం. వంగిన నడుము ఎత్తలేదు. ఊడ్చే యంత్రాలున్నాయి, మందు కొట్టే యంత్రాలున్నాయి, పడిపోయినదాన్ని లేపే యంత్రం మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. గింజ పాలు గట్టిపడింది. నిలబడింది. నా చేత్తో నిలబెట్టిన చేను!

ఇంటికొచ్చి డబ్బాకు ఆ మాటే చెప్పాను.

"నూకరత్నం గారూ, మీ పంట పూర్తిగా నీట మునిగింది," అంది డబ్బా, మెత్తగా.

"మునగలేదమ్మా. కోడు తవ్వుకున్నాం. బతికింది."

"జరిగినదాన్ని ఒప్పుకోలేకపోవడం దుఃఖంలో మొదటి మెట్టు. మేము మీతో ఉన్నాం. కాస్త మంచినీళ్లు తాగండి."

మూడో నమోదు

నిన్న నేను డబ్బాను తిట్టాను. నోటికొచ్చినట్టు, వాళ్ల వంశంతో సహా తిట్టాను. "కోపం రెండో మెట్టు. మీరు కోలుకుంటున్నారు," అంది. అంటే ఇది వినదు. నేనేం చెప్పినా దుఃఖం అనే ఖాతాలో వేసుకుంటుంది. కాబట్టి నిజం చెప్పుకోడానికి ఇంతకన్నా భద్రమైన చోటు ఈ భూమ్మీద లేదు. నేనింక అన్నీ చెప్పేస్తాను.

ఇవాళ నాలుగు వెన్నులు కోసుకుని ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లాను. శాంపిలు చూపిస్తే కోత మిషను పంపడానికి వంతు రాస్తారు, కోశాక బస్తాలకు సీలు వేస్తారు. అక్కడ మనుషులెవరూ లేరు, గోడకు ఒక తెర ఉంది. తెర ముందు వెన్నులు పెట్టి వేలిముద్ర వేశాను.

"ఈ చేనులో పంట లేదు. మునిగిపోయింది. ఈ ధాన్యం ఎవరిది?"

"నాదే."

"మీ పంట మునిగిపోయింది. ఈ ధాన్యం ఎవరిది?"

ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు నాదేనన్నాను. చివరికి, ధాన్యం దొంగతనం మీద నాకు మొదటి హెచ్చరిక జారీ అయింది. నా చేలో నేనే దొంగనట! ఏడవాలో నవ్వాలో తెలియక, బయట బల్ల మీద కూర్చుని సోడా తాగి వచ్చాను.

నవ్వులాట కాదిది. వంతు రాయకపోతే కోత మిషను రాదు, సీలు లేని బస్తా ఊరి గేటు దాటదు. సొంత చేలున్నవాళ్లకు అమ్మకం పోతుంది గానీ చేను పోదు, వండుకు తిని తిట్టుకుంటూ బతుకుతారు. నాది కౌలు. ఈ చేనుకు ఆసామి సోమరాజు గారు, పట్నంలో ఉంటారు. వచ్చే పౌర్ణమి లోపు సీలు వేసిన బస్తాలతో కౌలు కొలవాలి. కొలిచినంత కాలం నన్ను కదపడానికి లేదు. కొలవకపోతే చేను ఆయన చేతికి పోతుంది, ఎలాగోలా పర్మిషను తెచ్చి రొయ్యల చెరువు తవ్విస్తారు. నా చేనుకు మూడు వైపులా ఇప్పటికే చెరువులే. సాయంత్రం ఆయనే ఫోను చేశారు.

"ఏం నూకరత్నం, పంట పోయిందట గదా? టీవీలో మీ ఊరి పేరు చూశాను. అయ్యో పాపం."

"పోలేదండీ. బంగారంలా ఉందండి."

"అలాగా," అన్నారు. ఆ 'అలాగా'లో రవ్వంత సంతోషం లేదు.

నాలుగో నమోదు

మండలాఫీసులో ఇంకా ఒక మనిషి మిగిలి ఉన్నాడు. మస్తాన్ గారని, రెవెన్యూ అధికారి. ఆయన గదిలో ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది, చేయడానికి పనేమీ లేదు. అన్నీ యంత్రాలే చేసేస్తాయి. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడంటే టీ తెప్పించాడు.

"సాయం డబ్బు తిరిగిచ్చేస్తానండీ. కోడుకు పోయింది పోగా మిగిలింది తీసుకోండి, ఖర్చయింది కూడా అప్పో సొప్పో చేసి కడతాను. నా పంట బతికిందని రాయండి చాలు."

"తిరిగిచ్చేవాళ్లను నా సర్వీసులో చూడలేదమ్మా," అన్నాడు. "అందుకే తీసుకునే దారి పెట్టలేదు వాళ్లు."

చేను చూడమని బతిమాలితే ఏటి మీద నా పడవలోనే వచ్చాడు. పాపం, ప్యాంటు మడిచి గట్టు మీద చాలాసేపు నడిచాడు. ఒక వెన్ను అరచేతిలో పెట్టుకుని నలిపి, గింజ నోట్లో వేసుకున్నాడు.

"ఇంత పంట నా చిన్నప్పుడు చూశానమ్మా."

"అయితే రాయండి బాబూ!"

"చూశాను గానీ, చూసినట్టు రాసే అధికారం నాకు లేదు. నేను రాస్తే యంత్రం నాకూ ఒక డబ్బా పంపుతుంది." గట్టు మీద కూర్చుని బూట్లలోంచి బురద దులుపుకున్నాడు. "ఒక మాట చెప్తాను, నేను చెప్పానని అనకు. పంట బతికితే సాయం మోసం చేసి తీసుకున్నట్టు, కేసు. పంట పోతే ఈ ధాన్యం దొంగది, అదీ కేసే. కానీ చేను నిజంగా మునిగిందని డ్రోను కళ్లారా చూసి రుజువైతే ఆ ఏటికి కౌలు మాఫీ. కౌలుదారుని కదపకూడదు. చట్టం ఉంది. సర్వే అడిగావంటే పౌర్ణమికి ముందే వస్తుంది."

"అంటే నన్ను ముంచుకోమంటారా?"

ఆయన బూట్లు తొడుక్కుని పడవ వైపు నడిచాడు. టీ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, మంచివాడే.

ఐదో నమోదు

నిన్నంతా ఆలోచించాను. ఆలోచించడమంటే అంట్లు తోముతూ తిట్టుకోవడం. అత్త మాత్రం ఏమాత్రం తొణకలేదు.

"కోసేసి ముంచవే. దుబ్బులు మునిగినా మునిగినట్టే గదా. ఆ ఎగిరేదానికి నీళ్ల కింద ఏటుందో తెలుస్తాదేటి?"

కోత మిషను రాదు కదా. కొడవళ్లు కావాలి. ఊరంతా వెతికితే అటకల మీంచీ కోళ్ల గూళ్లలోంచీ తుప్పు పట్టినవి కొన్ని దొరికాయి. తాతబ్బాయి కోడు పనికి పిలిచినట్టే పిలిచాడు, ఇంటికొక మనిషి. వచ్చారు. వచ్చారు గానీ కొడవలి పట్టడం ఒక్కరికి వస్తే ఒట్టు. తాతబ్బాయే మొదటి దుబ్బుకు వేలు కోసుకున్నాడు. అత్త గట్టు మీద స్టూలు వేసుకుని ఒక్కొక్కర్నీ దులిపేసింది.

"ఒరేయ్, అది పీక కోత కాదురా! ఎడం సేత్తో దుబ్బు పట్టు. ఒంగు. ఇంకా ఒంగరా, నడుం ఇరిగిపోదులే!"

మజ్జిగ చాలా ఇళ్ల నుంచి వచ్చింది. సాయంత్రానికి చేను ఖాళీ అయింది. వడ్లు కొట్టి, తూర్పారబట్టి, మా ఇంట్లో కొన్ని, తాతబ్బాయి ఇంట్లో కొన్ని, ఎవరింట చోటుంటే వాళ్లింట పోశాం. లేని పంట, లేని ధాన్యం. కానీ ఎంత బరువున్నాయో మోసిన భుజానికి తెలుసు.

అంతా అయ్యాక అసలు చిక్కు బయటపడింది. ముంచడానికి నీళ్లేవీ? మంచినీళ్ల కాలవ తూముకు వేలిముద్ర వేస్తే, "పంట లేని చేనుకు నీరు విడుదల కాదు" అంది. మిగిలింది ఒకటే, ఉప్పుటేరు. మా కోడు ఉప్పుటేట్లో కలిసే చోట తలుపు ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు దించుతాం, తగ్గాక ఎత్తుతాం. నా చేను ఆ తలుపు పక్కనే. పోటు వేళ తలుపు ఎత్తితే మునుగుతుంది. ఉప్పు నీళ్లతో మునుగుతుంది.

ఉప్పు తిన్న నేల ఎన్నాళ్లకు కోలుకుంటుందో మాకందరికీ తెలుసు. చివరికి అత్తే అంది.

"ఉప్పు నాలుగు వానలకి కడుక్కుపోద్ది. సెరువు తవ్వితే ఏ వానకి పోద్దే?"

వెంటనే సర్వే అడిగేశాను.

ఆరో నమోదు

మిగతావాళ్ల చేలలోకి ఉప్పు నీళ్లు పోకుండా పొద్దున్న అందరూ కలిసి అడ్డుకట్ట వేశారు. పోటు వేళకు తలుపు చక్రం నేనే తిప్పాను. ఎవర్నీ తిప్పనివ్వలేదు. నా చేనుకు చేసేది నా చేత్తోనే చేయాలనిపించింది.

డ్రోను టైముకే వచ్చింది. చేను మీద రెండు చుట్లు తిరిగి, వచ్చి నా ముఖానికి ఎదురుగా ఆగింది.

"ముంపు నిర్ధారణ అయింది. లబ్ధిదారు దుఃఖం నమోదు కావడం లేదు. దయచేసి చేను వైపు చూడండి."

నాకు ఏడుపు ఎక్కడిది? వడ్లు ఇంట్లో భద్రంగా ఉన్నాయి, పైగా వెనకాల ఊరంతా నవ్వు ఆపుకుంటోంది. ముఖం చిట్లించి చూశాను. చాలదంది. అత్త సంగతి కనిపెట్టి రంగంలోకి దూకింది. గుండెలు బాదుకుంటూ, "ఓలమ్మో, నా బంగారు సేనో, నన్నొగ్గేసి పోయేవా తల్లో!" అని రాగం తీసింది. తాతబ్బాయి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"పెద్దావిడ దుఃఖం పరిమితికి మించి ఉంది. ఆమె లబ్ధిదారు కాదు. దయచేసి లబ్ధిదారు మాత్రమే దుఃఖించండి."

ఇక తప్పక చేను వైపు తిరిగాను. నీళ్లు గట్టు అంచు దాకా వచ్చాయి. నిన్న మేం కోసిన దుబ్బుల మొదళ్ల మీద తెల్లటి నురగ తేలుతోంది. పిల్ల పీతలు అప్పుడే గట్టెక్కి పాకుతున్నాయి. ఈ నేలలో పచ్చిరొట్ట వేసి, పేడ మోసి, ఒక్కో మడినీ చేత్తో చదును చేసి ఇంత చేశాను. దాని నోట్లో ఉప్పు పోసింది నేనే. ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. వెక్కి వెక్కి ఏడ్చాను. వెనక నవ్వులు ఆగిపోయాయి, అత్త వచ్చి నా తల తన భుజానికి ఆనించుకుంది.

"దుఃఖం సరిపోయింది. ధన్యవాదాలు," అని డ్రోను వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. నష్టం నిజమే. కౌలు మాఫీ. దొంగతనం హెచ్చరిక రద్దు. ఊరంతా మా ఇంటికొచ్చి, లేని బియ్యంతో వండిన అన్నం తిని వెళ్లారు. కొత్త బియ్యం కదా, కాస్త ముద్దయింది. అయినా తాతబ్బాయి మూడోసారి కూడా వడ్డించుకున్నాడు.

ఏడో నమోదు

ఇవాళ పౌర్ణమి. పొద్దున్నే సోమరాజు గారు ఫోను చేశారు. తిడతారని సిద్ధపడి ఎత్తాను. గొంతులో తేనె కారుతోంది.

"నూకరత్నం, నీ మేలు ఈ జన్మకి మరిచిపోలేనమ్మా."

"నేనేం చేశానండీ? కౌలు మాఫీ అయింది కదండీ."

"కౌలుదేముంది, పోనీ. చెరువు పర్మిషను కోసం ఎన్నేళ్లుగా తిరుగుతున్నాను! మంచి వరి చేను, వీల్లేదు పొమ్మనేవాళ్లు. నిన్న రాత్రి దానంతటదే వచ్చేసింది. నేను అడగనైనా లేదు. ఉప్పు నీట మునిగిందని డ్రోను రాసిందట, వెంటనే ఆ నేలని రొయ్యల చెరువుల కింద మార్చేశారట."

"కౌలుదారుని కదపకూడదండి. చట్టం ఉందండి. మస్తాన్ గారు చెప్పారు."

"ఆ చట్టం వరి చేలకమ్మా. నీది ఇప్పుడు వరి చేను కాదుగా."

వాళ్లు తవ్వే చెరువును నేను ఆపాలనుకున్నాను. వాళ్లకన్నా ముందు నేనే నీళ్లు పెట్టిచ్చాను. పోటు చూసి, తలుపెత్తి, ఊరిని పిలిచి, ఏడ్చి మరీ!

ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. వచ్చే వారం మట్టి యంత్రాలు వస్తాయట. మేతకీ కాపలాకీ ఒక మనిషి కావాలట, నెల జీతం, గట్టు మీద షెడ్డు.

"ఆ నేల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నువ్వయితే నాకు నిశ్చింత. ఏమంటావు?"

ఫోను నేలకేసి కొట్టాల్సింది. ఆయన్ని కడిగిపారేయాల్సింది. ఇంత నోరున్నదాన్ని. డబ్బాను వంశంతో సహా తిట్టిన ఆ నోరే ఆ సమయానికి నన్ను నట్టేట ముంచింది.

"ఆలోచించి చెప్తానండి," అన్నాను.

అత్త అరుగు మీద వడ్లు ఎండబోస్తోంది. ఎవరే ఫోన్లో అంటే, రాంగ్ నంబరు అని చెప్పాను. పొద్దుట్నుంచీ అన్నం సహించలేదు. సాయంత్రం చేను దాకా వెళ్లి వచ్చాను. పీతలు పెద్ద గుంపుగా చేరాయి, నన్ను చూసి బెదరను కూడా లేదు. ఆ పనికి వెళితే రోజూ ఆ గట్టు మీదే నడవొచ్చు. వెళ్లకపోతే ఇక ఆ గట్టు ఎక్కనివ్వరు.

సిగ్గు లేకుండా, నిజంగానే ఆలోచిస్తున్నాను.